సర్వర్ పోతే మీటింగు.. మనిషి పోతే "అలవాటైపోతుందిలే"!

ఈ టపా నర్సింగ్ చదివే పిల్లల గురించి. "జావా రాసుకునేవాడివి, నర్సుల గురించి నీకేం తెలుసు?" అని మీరు అడిగేలోపు నేనే ఒప్పేసుకుంటున్నా, తెలిసింది తక్కువే. కానీ ఆ తక్కువ తెలియడానికే నాకు ఒక తెల్లవారుజాము ఫోన్ కావాల్సొచ్చింది. ఆ ఫోన్‌లో నేను మాట్లాడిన మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నా. కాబట్టి ఇందులో తిట్లు ఎవరికైనా తగిలితే, మొదటి వాటా నాదే అనుకోండి.

ఫోన్ చేసింది మా చిన్నాన్న కూతురు. పెనుకొండ పిల్ల. జీఎన్ఎం రెండో సంవత్సరం, పందొమ్మిదేళ్ళు. ఏ కాలేజీ, ఏ ఆసుపత్రి అన్నది చెప్పను. చెప్తే గొడవంతా ఆ ఒక్క చోటి మీదికి పోతుంది. నా గొడవ ఆ ఒక్క చోటితో కాదు.

"అన్నా.. పద్నాలుగో బెడ్డు తాత పోయినాడన్నా."

ఆ తాత గురించి అంతకుముందే నాకు చెప్పింది. ధర్మవరం పక్క పల్లె నుంచి వచ్చిన మగ్గం మనిషి, ఊపిరితిత్తుల జబ్బు. పదకొండు రోజులు వార్డులో ఉన్నాడు. ఈ పిల్ల బీపీ చూడ్డానికి పోయినప్పుడల్లా ముందు ఆయనే అడిగేవాడంట, "తిన్న్యావా పాపా?" అని. ఒకరోజు దీని యూనిఫాం కొంగు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని రుద్ది చూసి, "మిల్లు గుడ్డ. దీంట్లో పేణం లేదు పాపా" అన్నాడంట. చెప్పి బాగా నవ్వింది అప్పుడు.

ఆ రాత్రి మూడు గంటల నలభై నిమిషాలకి ఆయన పోయాడు. వార్డులో ఒక స్టాఫ్ నర్సు, ఇద్దరు విద్యార్థులు. ఇంకో పేషెంటు కింద వెయిటింగ్. బెడ్ కావాలి. "ప్యాకింగ్ చెయ్యండి" అన్నారు. అంటే ఏమిటో మనలో చాలామందికి తెలియదు. ముక్కులో చెవుల్లో దూది పెట్టడం, దవడ కట్టడం, కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టడం, ఒళ్ళు తుడిచి గుడ్డలో చుట్టడం. ఆ పిల్ల జీవితంలో ముట్టుకున్న మొదటి శవం అది. రాత్రి పన్నెండింటికి తనతో మాట్లాడిన మనిషిది. ఆరు గంటలకల్లా అదే బెడ్ మీద వేరే మనిషి ఉన్నాడు, అతని బీపీ కూడా తనే చూసింది. మధ్యలో కళ్ళు తుడుచుకుంటుంటే ఇన్‌ఛార్జ్ సిస్టర్ అన్నదట: "ఇట్ల ఏడిస్తే ఈ ఉద్యోగం చెయ్యలేవు. అలవాటైపోతుందిలే."

ఇంతవరకూ చెప్పి, అసలు అడగాల్సింది అప్పుడు అడిగింది.

"రెండు గంటలప్పుడు మాస్కు పీకేసుకుంటా ఉన్న్యాడన్నా. నేను మళ్ళీ సర్ది పెట్టి, పది నిమిషాలయినాక స్టాఫ్‌కి చెప్పినా. వెంటనే చెప్పింటే బతికేవాడేమో కదన్నా?"

నేనేమన్నానో తెలుసా? ఆ రోజు మాకు రిలీజ్. ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. "అలవాటైపోతుందిలేమ్మా. టిఫిన్ తిని పడుకో" అన్నా. ఆ ఇన్‌ఛార్జ్ సిస్టర్ అన్న మాటే, పొల్లు పోకుండా! ఆమెకైనా ముప్పై మంది పేషెంట్లున్నారు. నాకు ఉన్నది ఒక స్టాండప్ కాల్.

ఇక కథలో రెండో ముక్క. అదే వారం గురువారం మా పేమెంట్ సర్వీస్ నలభై నిమిషాలు పడుకుంది. కారణం ఒక సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అవడం. మర్నాడు గంటన్నర మీటింగు, తొమ్మిది మందిమి. ఏ నిమిషానికి ఏం జరిగింది, ఎవరు ఎప్పుడు చూశారు, అలర్ట్ ఎందుకు ఆలస్యంగా వచ్చింది, మళ్ళీ జరక్కుండా ఏం చెయ్యాలి.. అన్నీ రాసుకున్నాం. అలర్ట్ చూసి పది నిమిషాలు ఆలస్యంగా స్పందించిన కుర్రాడితో మా మేనేజర్ ఎంత మర్యాదగా మాట్లాడాడంటే, "ఇది నీ తప్పు కాదు, మన పద్ధతిలో లోపం" అని రెండుసార్లు చెప్పాడు. ఆ కుర్రాడు తేలికపడి నవ్వాడు. ఆ మీటింగుకి పేరేంటో మీకు తెలుసు. పోస్ట్‌మార్టమ్!

నాకు ఆ నిమిషంలో ఒళ్ళు జలదరించింది. వాడిదీ పది నిమిషాలే, ఆ పిల్లదీ పది నిమిషాలే. వాడి పది నిమిషాలకి తొమ్మిది మంది కూర్చుని సమాధానం చెప్పారు. మనిషి పోయిన చోట ఆ పిల్ల పది నిమిషాలకి సమాధానం చెప్పడానికి ఒక్కళ్ళు లేరు. సర్టిఫికెట్‌కి వాడే మాటే వార్డులో మనిషికీ వాడతారు, "ఎక్స్‌పైర్ అయినాడు" అని. సర్టిఫికెట్‌కి దక్కిన మర్యాద మాత్రం మనిషికి దక్కలేదు.

పోస్ట్‌మార్టమ్ అనే మాటని మనం ఆసుపత్రి నుంచే ఎత్తుకొచ్చాం. తప్పు పట్టకుండా విచారించుకోవడం అన్న పద్ధతికి మన రంగంలో పేరు తెచ్చింది 2012లో ఎట్సీలో ఉన్న జాన్ ఆల్‌స్పా రాసిన వ్యాసం, తర్వాత 2016లో వచ్చిన గూగుల్ వాళ్ళ ఎస్ఆర్ఈ పుస్తకం. ఆ ఆలోచనకి మూలాలు విమాన ప్రమాదాల మీద, వైద్యంలో జరిగే పొరపాట్ల మీద పనిచేసినవాళ్ళ దగ్గరున్నాయి. అంటే అవతలివాళ్ళ ఇంట్లోంచి గొడుగు తెచ్చుకుని మనం వేసుకున్నాం, ఆ ఇంటి పిల్లలు మాత్రం వానలో తడుస్తున్నారు.

"అలవాటైపోతుంది" అనే ఈ మాట మీద నాకున్న కోపం ఊరికే కాదు. అసలు అలవాటు అవ్వడమంటే ఏమిటో 1960 ప్రాంతంలోనే ఒకావిడ తేల్చి చెప్పింది. ఇసబెల్ మెంజీస్ అనే మానసిక విశ్లేషకురాలు లండన్‌లో ఒక పెద్ద బోధనాసుపత్రిలో నర్సింగ్ విద్యార్థుల మీద చేసిన పరిశీలన అది. అక్కడ పేషెంట్లని పేరుతో కాకుండా "పదో బెడ్ లివర్" అన్నట్టు పిలవడం, పనిని ముక్కలు ముక్కలు చేసి ఒక మనిషితో ఎక్కువసేపు గడపకుండా చెయ్యడం, విద్యార్థుల్ని వార్డు నుంచి వార్డుకి తిప్పేస్తూ ఉండడం.. ఇవన్నీ చావు, బాధ తెచ్చే భయం నుంచి తప్పించుకోవడానికి ఆసుపత్రి కట్టుకున్న గోడలు అందావిడ. గోడలు కట్టినా భయం తగ్గలేదు, లోపలే ఉండిపోయింది. ఆ విద్యార్థుల్లో మూడో వంతు దాకా చదువు పూర్తి చెయ్యకుండానే వెళ్ళిపోతున్నారు. వెళ్ళేవాళ్ళంతా చేతగానివాళ్ళూ కాదు, మంచి విద్యార్థులూ ఉన్నారు. అరవై ఏళ్ళు దాటింది. మా పిల్ల ఫోన్‌లో ఏమంది? "పద్నాలుగో బెడ్డు తాత". ఆ "తాత" అన్న మాట ఒక్కటీ దాని సొంతం, నంబరు ఆసుపత్రి నేర్పింది. ఇంకో రెండేళ్ళకి తాత పోయి పద్నాలుగో బెడ్డు మిగుల్తుంది. అలవాటవ్వడమంటే అదే.

"సిలబస్‌లో ఉంది కదా?" అంటారు. ఉంది. మరణం, దుఃఖం, చనిపోయాక శరీరానికి చెయ్యాల్సినవి అన్నీ నర్సింగ్ ఫౌండేషన్స్ పాఠంలో ఉన్నాయి. 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ చెప్పిన ఐదు దశలు కూడా ఉన్నాయి. మా పిల్ల వాటిని పరీక్షలో రాసింది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కానీ ఆ ఐదు దశలూ ఆవిడ మొదట చెప్పింది చావు దగ్గరపడిన రోగి గురించి. ఆ రోగి పక్కన నిలబడ్డ పందొమ్మిదేళ్ళ పిల్ల ఏ దశలో ఉంటుందో ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు.

మన ఊళ్ళలో దీనికి ఎంత మంచి పద్ధతి ఉందో చూడండి. ఎవరింట్లోనైనా మనిషి పోతే వీధి వీధంతా పలకరించడానికి పోతుంది. పెద్దగా ఏం మాట్లాడరు. ఎట్ల పోయినాడు, ఆఖర్న ఏమన్నాడు, ఏమి తిన్నాడు అని అడుగుతారు. ఇంటివాళ్ళు అదే కథ యాభైసార్లు చెప్తారు. యాభైసార్లు చెప్పేసరికి కొంచెం తేలికపడతారు. సావు ఇంటికి పోయొచ్చినవాడు తలకి నీళ్ళు పోసుకుని గానీ ఇంట్లోకి రాడు. అంటే ఇక్కడితో ఆ పని అయింది, ఇక నీ పని నువ్వు చూసుకో అని ఒక గీత. నర్సింగ్ పిల్లకి పలకరింపూ లేదు, గీతా లేదు. ఒక చావు నుంచి లేచి ఇంకో బెడ్ దగ్గరికి పోతుంది. ఆ కథ ఒక్కసారి చెప్పుకుందామని అన్నకి ఫోన్ చేస్తే, అన్న టిఫిన్ తినమంటాడు!

ఇదంతా ఒక్క పిల్ల సున్నితత్వం అనుకునేవాళ్ళ కోసం 2021 గుర్తు చేస్తా. ఆ సంవత్సరం మే మొదటి వారంలో హిందూపురం ప్రభుత్వాసుపత్రిలో కోవిడ్ పేషెంట్లు కొద్ది గంటల తేడాలో ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఆక్సిజన్ అందలేదని బంధువులన్నారు, కాదని అధికారులన్నారు. మే 10న తిరుపతి రుయాలో 11 మంది పోయారు. ఆ రోజుల్లోనే, మే 3న కేంద్రం ఒక ప్రకటన చేసింది. ఆఖరి పరీక్షల కోసం చూస్తున్న జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ విద్యార్థుల్ని కూడా సీనియర్ల పర్యవేక్షణలో కోవిడ్ డ్యూటీలకి వాడుకోవచ్చని. వంద రోజులు చేసినవాళ్ళకి ప్రధాని పేరుతో సమ్మాన్, సర్కారు ఉద్యోగాల్లో ప్రాధాన్యం, టీకా, బీమా ఇస్తామన్నారు. మంచిదే, వద్దనను. మనం కూడా బాల్కనీల్లో పళ్ళేలు కొట్టాం. కానీ ఆ వంద రోజుల్లో తన చేతుల మీదుగా ఎంతమంది పోయారో లెక్క పెట్టుకున్న పిల్ల ఆ లెక్క ఎవరికి చెప్పుకోవాలి? బీమా ఫారంలో ఆ గడి లేదు.

ఆక్సిజన్ ఎవరి లోపం అన్నది మనకి వార్త. ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారు, మర్నాడు వాళ్ళెలా ఉన్నారు అన్నది మనకి వార్త కాదు. ఇప్పుడు కూడా చూడండి, 2021లో శంకుస్థాపన జరిగిన పెనుకొండ మెడికల్ కాలేజీ సర్కారు నడపాలా, ప్రైవేటుతో కలిసి నడపాలా అని టీ కొట్టు దగ్గర్నుంచి అసెంబ్లీ దాకా కొట్టుకుంటున్నారు. కొట్టుకోవాల్సిందే, అది పెద్ద విషయమే. కానీ ఎవరు నడిపినా, రేపు అందులో రాత్రి మూడింటికి మొదటి శవాన్ని చుట్టే పిల్లకి ఏమి చెప్తారు అన్నది ఒక్కడూ అడగడు.

ఇప్పుడు మీ అభ్యంతరాలు. నాకు తెలుసు, మా ఇంట్లోనే విన్నా అన్నీ.

"నర్సు ఏడుస్తూ కూర్చుంటే పక్క బెడ్ వాడి గతేంటి?" నిజమే. డ్యూటీలో ఏడుస్తూ కూర్చోమని నేను అనడం లేదు. సర్వర్ పడిపోయినప్పుడు మనం కూడా ముందు లేపుతాం, మాటలు తర్వాత. నేనడిగేది ఆ "తర్వాత" గురించే. వాళ్ళకి అది లేదు.

"స్టాఫ్ తక్కువ, టైమ్ ఎక్కడుంది?" అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జోనథన్ బార్టెల్స్ అనే ఎమర్జెన్సీ నర్సు 2009 ప్రాంతంలో ఒక పద్ధతి మొదలెట్టాడు. మనిషి పోగానే ఆ గదిలో ఉన్నవాళ్ళంతా ఒక నిమిషం లోపు మౌనంగా నిలబడతారు. పోయిన మనిషి కోసం, అతన్ని కాపాడాలని చూసిన తమ కోసం. అంతే, తర్వాత ఎవరి పనికి వాళ్ళు. దానికి "ద పాజ్" అని పేరు, చాలా ఆసుపత్రులకి పాకింది. నిమిషం కూడా లేదంటే అది స్టాఫ్ సమస్య కాదు, మనసు సమస్య.

"అయితే అందరికీ కౌన్సెలింగ్ పెట్టిద్దాం!" ఇది మన సాఫ్ట్‌వేర్ బుర్ర. దేనికైనా ఒక సెషన్ పెట్టి అటెండెన్స్ తీసుకుంటే అయిపోయిందనుకుంటాం. దారుణం జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్క సెషన్‌లో లోపలిదంతా బలవంతంగా కక్కించడం వల్ల తర్వాత వచ్చే మానసిక సమస్యలు ఆగవని 2002లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. కొందరికి చెడు కూడా చెయ్యొచ్చంది. కాబట్టి నేనడిగేది అది కాదు. తెలిసిన మనిషి, నమ్మకమున్న మనిషి, అడిగితే సమాధానం చెప్పే మనిషి కావాలంటున్నా.

లెక్క చూస్తే చెయ్యాల్సినవి నాలుగే:

1. మొదటి చావు దగ్గర విద్యార్థిని ఒంటరిగా వదలొద్దు. "ఈయన ఈ రాత్రి దాటకపోవచ్చు, నువ్వు నా పక్కనే ఉండు" అని ముందే చెప్పాలి. ప్యాకింగ్‌లో ఒక సీనియర్ చెయ్యి కలవాలి.

2. బెడ్ ఖాళీ చేసే ముందు అర నిమిషం ఆగాలి. మనిషి పేరు పలకాలి, నంబరు కాదు.

3. డ్యూటీ దిగే ముందు ట్యూటర్ పది నిమిషాలు కేస్ షీట్ ముందు పెట్టుకుని మాట్లాడాలి. ఏం జరిగింది, మనం చెయ్యాల్సింది చేశామా, నీకేమైనా అడగాలనుందా. పిల్ల మాట్లాడనంటే బలవంతం వద్దు, మర్నాడు మళ్ళీ అడగాలి. దీనికి మార్కులూ వద్దు, మందలింపులూ వద్దు.

4. మర్నాడు వేరే వార్డు అడిగితే ఒక్క రోజు ఇవ్వాలి. రికార్డులో ఏమీ రాయకూడదు.

దీనికి బడ్జెట్ కావాలా? జీవో కావాలా? ఒక ప్రిన్సిపాల్ అనుకుంటే సోమవారం నుంచి మొదలవుతుంది.

నాలుగులో మూడోది ఎందుకు ముఖ్యమో నా అనుభవం చెప్తా. ఫోన్ వచ్చిన తొమ్మిది రోజులకి నాకు బుద్ధొచ్చి, డాక్టరైన నా స్కూలు స్నేహితుడితో దాన్ని మాట్లాడించా. వాడు అన్నీ అడిగాడు. అప్పుడు బీపీ ఎంత, ఆక్సిజన్ ఎంత, తాతకి ఎన్నాళ్ళనుంచి జబ్బు. అన్నీ విని, "అమ్మా, నువ్వు మాస్కు సర్ది పెట్టావు, స్టాఫ్‌కి చెప్పావు, చెయ్యాల్సినవే చేశావు. నువ్వు చెప్పిన దాన్నిబట్టి ఆ పది నిమిషాలు ఆయన్ని ఆపేవి కావు. ఈసారి మాత్రం మాస్కు పీకుతుంటే ముందు కేకెయ్యి, తర్వాత సర్దు" అన్నాడు. రెండు నిమిషాల మాట! ఊరడింపూ ఉంది, పాఠమూ ఉంది. తొమ్మిది రోజులుగా ఆ పిల్ల రాత్రిళ్ళు రెండు గంటలకి లేచి కూర్చుంటోందని వాళ్ళమ్మ తర్వాత చెప్పింది.

ఇక మన సంగతి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం.. ఈ లైన్‌లో ఏ వీధి చూసినా ఒక పిల్లోడు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు, ఒక పిల్ల బెంగుళూరులో నర్సు. శుక్రవారం సాయంత్రం అదే రైలు ఎక్కుతారిద్దరూ. ఇంటికి పోతే "పాపం, వాడికి కంప్యూటర్ ముందు ఎంత టెన్షనో" అని వాడికి నెయ్యేస్తారు. ఆ పిల్లని "ఎంతొస్తోంది జీతం?" అని అడుగుతారు. బర్నౌట్ అనే మాటని మనం పేటెంట్ తీసుకున్నట్టు వాడతాం. మన కంపెనీలో కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ నంబరు ఐడీ కార్డు వెనకే ఉంటుంది, ఒక్కసారి కూడా చెయ్యం. ఇంకా ఘోరం, మన నాన్నో తాతో ఆసుపత్రిలో పోతే, డాక్టర్ని ఏమీ అనలేక, ఎదురుగా ఉన్న అందరిలో చిన్న నర్సు మీద విరుచుకుపడేది మనమే, ఫోన్‌లో వీడియో తీసుకుంటూ. ఆసుపత్రి సిబ్బంది మీద దాడుల్ని ఆపడానికి 2008లోనే రాష్ట్రంలో చట్టం వచ్చింది. తిట్టే నోటికి చట్టం అడ్డం రాదు.

నేను మా కజిన్ దగ్గర నేర్చుకున్నది ఇంతే. ఏదో పెద్ద మాట చెప్పి దాని బాధ తీర్చెయ్యాలని చూడకూడదు. ఎట్ల పోయినాడు, ఆఖర్న ఏమన్నాడు అని అడగాలి, పలకరింపుకి పోయినప్పుడు అడిగినట్టే. అది చెప్తుంది, మనం వినాలి. ల్యాప్‌టాప్ మూసేసి.

ఈసారి రైల్లో మీ ఎదురు సీట్లో నైట్ డ్యూటీ దిగి వచ్చిన పిల్ల ఎవరైనా కూర్చుంటే, మీ చెల్లెలైనా సరే, మీ పక్కింటి అమ్మాయైనా సరే, "ఈ పాటికి అలవాటయ్యుంటుందిలే" అనకండి. ఆ తాత అడిగిందే అడగండి. "తిన్నావా?" అని. మిగతాది అదే చెప్తుంది.

తా.క: వినేవాళ్ళు ఇంట్లో లేకపోతే, టెలీ మానస్ అని కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 14416. తెలుగులో మాట్లాడొచ్చు. మీ ఇంటి నర్సింగ్ పిల్ల ఫోన్‌లో సేవ్ చేసి పెట్టండి. అయితే ముందు మీ నంబరు ఎత్తే నంబరు అయ్యుండాలి :)